శబ్దాన్ని కొలిచే పేరు

చిలకలగూడ కూడలిలో ధ్వనిమాపకాన్ని నిలిపితే, అది చూపే అంకెల సరసన ‘డెసిబెల్’ అన్న మాట ఉంటుంది. అందులోని ‘బెల్’ ఒక మహనీయుని నామధేయం.

అలెగ్జాండర్ గ్రాహం బెల్ 1847లో ఎడింబరో నగరంలో జన్మించారు. తల్లికి వినికిడి స్వల్పం. శిష్యురాలై, అనంతరం అర్ధాంగి అయిన మేబెల్ బాల్యంలోనే జ్వరం వల్ల శ్రవణశక్తిని కోల్పోయారు. బోస్టన్‌లో బధిరులకు బోధించిన ఆయన 1876లో టెలిఫోనుకు పేటెంటు పొందారు. 1879లో వినికిడిని పరీక్షించే సాధనాన్ని రూపొందించారు. 1922లో పరమపదించారు. ఆ దశాబ్దంలోనే శాస్త్రజ్ఞులు ఈ ప్రమాణానికి ఆయన పేరుంచారు.

పది డెసిబెల్‌లు పెరిగితే ధ్వని తీవ్రత పది రెట్లవుతుంది. మన దేశపు 2000 నాటి నిబంధనల మేరకు నివాస ప్రాంతాలలో పరిమితి పగలు 55, రాత్రి 45.

వినికిడి లేనివారి నడుమ జీవితం గడిపిన ఆ మహనీయుని పేరు, ఉన్న వినికిడిని కాపాడుకొమ్మని మనలను నేడు హెచ్చరిస్తున్నది.