దాగ్ దెహల్వీ: ఢిల్లీ నుండి దక్కనుకు

పుట్టిన ఊరు, పెరిగిన వాడ, చదువుకొన్న బడి - వీటిపై మమకారం మానవులకు సహజం. చదువు నిమిత్తం ఇల్లు విడిచి వసతి గృహాలలో ఉంటున్న విద్యార్థులకు ఈ సంగతి వేరుగా చెప్పనక్కరలేదు. ఉన్న చోటును పలుమార్లు పోగొట్టుకొని, దానిని తన పలుకులో నిలుపుకొన్న ఉర్దూ మహాకవి దాగ్ దెహల్వీ జీవితాన్ని ఇక్కడ మనం స్మరించుకొందాము.

ఆయన అసలు పేరు నవాబ్ మీర్జాఖాన్. 1831లో ఢిల్లీలో జన్మించారు. బ్రిటిషు అధికారి విలియం ఫ్రేజరు హత్య కేసులో ఆయన తండ్రి నవాబు షంసుద్దీన్ అహ్మద్‌ఖాన్‌ను 1835లో ఉరితీశారు. ఆ విధంగా నాలుగేండ్ల ప్రాయంలోనే ఆయన పితృవిహీనులయ్యారు. దాగ్ అనగా మచ్చ అని అర్థం. ఆ కలం పేరు ఆయన బ్రతుకుకు ఎంత చక్కగా అమరినదో కదా!

1844లో తల్లి వజీర్ ఖానం, చక్రవర్తి బహదూర్‌షా జఫర్ కుమారుడైన మీర్జా ఫఖ్రూను వివాహమాడారు. బాలుడు ఎర్రకోటలో ప్రవేశించాడు. అక్కడ గడచిన పన్నెండేండ్లే ఆయనను కవిగా తీర్చిదిద్దినవి. చక్రవర్తికి గురువైన జౌఖ్ ఆయనకూ గురువైనారు. కోటలోని ముషాయిరాలు, అంతఃపురంలోని తియ్యని నానుడి ఆయన నాలుకపై శాశ్వతంగా నిలిచినవి.

1856లో మీర్జా ఫఖ్రూ మరణించడంతో కోట విడువవలసి వచ్చింది. మరుసటి ఏట జరిగిన తిరుగుబాటుతో ఢిల్లీయే ఛిన్నాభిన్నమైంది. ఆ నగర నాశనాన్ని తలచి దాగ్ విలపిస్తూ ఒక దీర్ఘ కావ్యం రచించారు. తరువాత రాంపూరు సంస్థానం ఆయనకు ఆశ్రయమిచ్చింది. నవాబు కల్బె అలీఖాన్ కాలంలో ఆయన గుర్రపుశాలల అధికారిగా కూడా పనిచేశారు. 1878లో తొలి సంపుటి ‘గుల్జారె దాగ్’ వెలువడింది. 1887లో నవాబు మరణంతో ఆ నీడ కూడా తొలగిపోయింది.

1888లో దాగ్ హైదరాబాదు వచ్చారు. కొలువు దొరకక తిరిగి వెళ్ళారు. 1890లో మరల వచ్చారు. 1891లో ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ ఆయనను తన కవితాగురువుగా స్వీకరించారు. అరువది ఏండ్ల వయస్సులో ఒక ఇల్లు కుదిరింది! దేశం నలుమూలల నుండి యువకవులు తమ గజళ్ళను టపా ద్వారా పంపి దిద్దించుకొనేవారు. పంజాబు నుండి ఆ విధంగా వ్రాసిన వారిలో యువకుడైన ఇక్బాల్ ఒకరు. రాంపూరు నాటి సహకవి అమీర్ మీనాయీ 1900లో హైదరాబాదు వచ్చి, కొద్ది రోజులకే ఇక్కడే కన్నుమూశారు.

దాగ్ 1905లో హైదరాబాదులో పరమపదించారు. నాంపల్లిలోని యూసుఫైన్ దర్గా ఆవరణలో వారి సమాధి ఉన్నది. అమీర్ మీనాయీ కూడా అక్కడనే విశ్రమిస్తున్నారు.

కోట చేయిదాటిపోయినా ఆ కోట భాషను ఆయన జారనీయలేదు. దానిని దాచుకొనక, అడిగిన వారికెల్లా పంచిపెట్టారు. ఆదరించిన దక్కనును పరాయిదిగా చూడలేదు. ఇంట ఉర్దూ పలికే వారు, తెలుగు పలికే వారు ఒకే తరగతిలో కూర్చుండే మన కళాశాలకు ఈ జీవితం చక్కని పాఠం. నాంపల్లి మీదుగా పోవునప్పుడు విద్యార్థులు ఒక్క నిమిషం ఆగి ఆ సమాధిని దర్శించవలెనని మా మనవి.