రహీం సాబ్: చాదర్‌ఘాట్ బడిలో ఆటల సార్

మన బడిలో ఆటల పీరియడ్‌లో స్పీడ్‌బాల్ ఆడిన బ్యాచ్‌లకు ఆ ఆట గుర్తుండే ఉంటుంది. బంతి నేల మీదుంటే కాలితోనే ఆడాలి. కాలితో పైకి లేపి అందుకుంటే మాత్రం హ్యాండ్‌బాల్‌లా చేత్తో విసరొచ్చు. దాంతో బంతి ఎవరి దగ్గరా ఆగేది కాదు. అమెరికాలోని మిషిగన్ విశ్వవిద్యాలయంలో ఎల్మర్ మిచెల్ 1921లో ఈ ఆటను తయారుచేశారు. ఇలాగే నియమాలు మార్చి పిల్లలకు వేగం నేర్పిన సార్ ఒకరు మన హైదరాబాద్‌లోనూ ఉండేవారు. ఆయనే సయ్యద్ అబ్దుల్ రహీం. నాదర్‌గుల్ నుంచి దిల్‌సుఖ్‌నగర్ మీదుగా కోఠీకి పోతుంటే, ఆయన పనిచేసిన చాదర్‌ఘాట్ దారిలోనే వస్తుంది.

1909లో హైదరాబాద్‌లో పుట్టారు. ఉస్మానియాలో చదువుకుంటూ అక్కడి జట్టుకు ఆడారు. తర్వాత కాచిగూడ మిడిల్ స్కూల్‌లో, చాదర్‌ఘాట్ హైస్కూల్‌లో, మరికొన్ని బడుల్లో పాఠాలు చెప్పారు. వ్యాయామ విద్యలో డిప్లొమా చేసి ఆటల బాధ్యత కూడా తీసుకున్నారు. 1940ల నుంచి చనిపోయేదాకా హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘం కార్యదర్శి ఆయనే.

ఆయన పెట్టించిన పోటీలు విచిత్రంగా ఉండేవి. ఒకదాంట్లో డ్రిబ్లింగ్ చేయకూడదు, బంతి రాగానే పక్కవాడికి ఇచ్చేయాలి. ఇంకోదాంట్లో అలవాటు లేని కాలితోనే తన్నాలి. పొట్టి పిల్లలకు వేరే పోటీలు. ఇంజనీరుగా నాకు ఇవి బాగా నచ్చుతాయి. ఉన్న దారి ఒకటి మూసేస్తే తప్ప మనిషి రెండో దారి వెతకడు కదా!

ఈ పద్ధతి ఫలితం సిటీ పోలీస్ జట్టులో కనిపించింది. ఆయన శిక్షణలో ఆ జట్టు 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదేళ్లు రోవర్స్ కప్ గెలిచింది. భారత జట్టు కూడా ఆయన చేతికే వచ్చింది. 1951లో ఢిల్లీ ఆసియా క్రీడల ఫైనల్లో ఇరాన్‌ను 1-0తో ఓడించి స్వర్ణం తెచ్చారు.

మరుసటి ఏడాదే హెల్సింకీ ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో 10-1తో చిత్తయ్యారు. మనవాళ్లలో చాలామంది వట్టి కాళ్లతో ఆడారు. ఇంకొకరైతే అక్కడితో మానుకునేవారేమో. రహీం సాబ్ జట్టును మళ్లీ మొదటి నుంచి కట్టారు. బూట్లు వచ్చాయి, ఆటగాళ్లు నిలబడే తీరు మారింది. 1956 మెల్‌బోర్న్‌లో ఆతిథ్య ఆస్ట్రేలియాను 4-2తో కొట్టి సెమీఫైనల్ చేరారు. నెవిల్ డిసౌజా హ్యాట్రిక్ ఆ మ్యాచ్‌లోదే. చివరికి నాలుగో స్థానం దక్కింది. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో భారత్ అంతకు మించి ఎప్పుడూ పోలేదు. ఆ జట్టులో మన సికింద్రాబాద్ దగ్గరి అమ్ముగూడ కుర్రాడు తులసీదాస్ బలరాం కూడా ఉన్నాడు. అప్పటికి ఇరవై ఏళ్లే.

1962 జకార్తా నాటికి ఆయనకు క్యాన్సర్. జట్టుకూ కష్టాలే. తొలి మ్యాచ్‌లో దక్షిణ కొరియా చేతిలో 2-0తో ఓడింది. డిఫెండర్ జర్నైల్ సింగ్ తల పగిలి కుట్లు పడ్డాయి. రహీం సాబ్ అతన్ని పక్కన కూర్చోబెట్టకుండా సెంటర్ ఫార్వర్డ్‌గా ముందుకు పంపారు. సెప్టెంబర్ 4న ఫైనల్లో మళ్లీ కొరియాయే ఎదురైంది. స్టేడియమంతా మనకు వ్యతిరేకంగా అరుస్తోంది. పీకే బెనర్జీ ఒకటి, కుట్ల తలతోనే జర్నైల్ ఒకటి కొట్టారు. 2-1తో స్వర్ణం మనది.

పది నెలలు తిరక్కుండానే, 1963 జూన్ 11న ఆయన కన్నుమూశారు. 2024లో ‘మైదాన్’ సినిమా వచ్చాక గానీ మన పిల్లల్లో చాలామందికి ఆయన పేరు తెలియలేదు. కొడుకు సయ్యద్ షాహిద్ హకీం కూడా ఆటగాడే, తర్వాత అంతర్జాతీయ రెఫరీ అయ్యారు. జకార్తా తర్వాత ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో మనకు స్వర్ణం రాలేదు. 1970లో బ్యాంకాక్‌లో కాంస్యం ఒక్కటి దక్కింది. ఆ జట్టు కెప్టెన్ సయ్యద్ నయీముద్దీన్‌దీ హైదరాబాదే.