మబ్బుల్లో దారి చూపిన శిక్షణ: హిజ్లీలో కర్టిస్ లెమే

ఖరగ్‌పూర్‌లోని ఇందాకు కొద్ది కిలోమీటర్ల దూరంలో, ఐఐటీ ఆవరణలో, హిజ్లీ నిర్బంధ శిబిరం భవనం ఉంది. 1931 సెప్టెంబరు 16న అక్కడ జరిగిన పోలీసు కాల్పుల్లో సంతోష్ కుమార్ మిత్ర, తారకేశ్వర్ సేన్‌గుప్తా ప్రాణాలర్పించారు. 1951లో అదే భవనంలో దేశంలోని తొలి ఐఐటీ ప్రారంభమైంది. ఈ రెండు ఘట్టాలు ఖరగ్‌పూర్ వాసులకు సుపరిచితం. వాటి నడుమ, రెండవ ప్రపంచ యుద్ధకాలంలో, ఆ భవనం అమెరికా 20వ బాంబర్ కమాండ్‌కు ప్రధాన కార్యాలయమైంది. 1944 ఆగస్టు 29న దాని అధిపతిగా మేజర్ జనరల్ కర్టిస్ లెమే బాధ్యతలు స్వీకరించారు. అప్పటికి ఆయనకు ఇంకా 38 ఏళ్లు నిండలేదు.

లెమే 1906 నవంబరు 15న ఒహాయో రాష్ట్రంలోని కొలంబస్‌లో నిరుపేద కుటుంబంలో జన్మించారు. రాత్రివేళ ఉక్కు కర్మాగారంలో పనిచేస్తూ సివిల్ ఇంజినీరింగ్ చదివారు. 1929 అక్టోబరులో సైనిక పైలట్ అయ్యారు.

వైమానిక చరిత్రలో ఆ నెలకు ముందు నెల మరింత ముఖ్యమైనది. 1929 సెప్టెంబరు 24న జిమ్మీ డూలిటిల్ బయటి ప్రపంచం ఏమాత్రం కనిపించకుండా కాక్‌పిట్‌ను కప్పివేయించుకుని, కేవలం పరికరాల ఆధారంగా విమానాన్ని లేపి, తిప్పి, క్షేమంగా దింపారు. మబ్బులోకి ప్రవేశించిన మనిషికి తన శరీరమే అబద్ధం చెబుతుంది. లోపలి చెవి వంపును సమతలమని నమ్మిస్తుంది. ఆ భ్రమను తోసిపుచ్చి కృత్రిమ దిగంత సూచికను, ఎత్తు సూచికను, దిశా సూచికను నమ్మడం నేర్చుకోవడమే పరికరాధారిత విమానయానానికి పునాది. నేడు సొంత సరదాకు విమానం నడిపే ప్రైవేటు పైలట్లు కూడా ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్ కోసం చూపును అడ్డగించే ముసుగు ధరించి, పక్కన మరో పైలట్ కాపలా ఉండగా, ఇదే సాధన చేస్తారు.

సైన్యం మాత్రం ఈ విద్యను అందరికీ నేర్పడంలో జాప్యం చేసింది. దానికి చెల్లించిన మూల్యం 1934లో బయటపడింది. ప్రైవేటు సంస్థల టపా ఒప్పందాలను అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ రద్దుచేసి, ఆ పనిని సైనిక పైలట్లకు అప్పగించారు. మంచు తుపానుల్లో, రాత్రివేళల్లో, తగిన పరికరాలూ శిక్షణా లేకుండా ఎగిరినవారిలో పదిమందికి పైగా మరణించారు. ఆ టపా మోసినవారిలో లెమే ఒకరు. అంతకు కొద్ది నెలల ముందే ఆయన, విలే పోస్ట్‌తో కలిసి ప్రపంచాన్ని చుట్టివచ్చిన ఆస్ట్రేలియా నావికుడు హెరాల్డ్ గాటీ వద్ద లాంగ్లీలో నక్షత్రాల ఆధారంగా దారి కనుగొనే విద్య నేర్చారు. అనంతరం హవాయిలో తానే నావిగేషన్ తరగతులు నడిపారు.

1938 మే 12న మూడు బీ-17 విమానాలు దట్టమైన మబ్బులను, వానను చీల్చుకుంటూ అట్లాంటిక్‌లో వెయ్యి కిలోమీటర్లకు పైగా ప్రయాణించి, ఇటలీ నౌక రెక్స్‌ను లెక్కగట్టిన వేళకే చేరుకున్నాయి. ముందు విమానంలో దారి లెక్కించింది లెమేయే. రేడియో ప్రసార బృందం కూడా వెంట ఉండటంతో ఆ వార్త దేశమంతా మారుమోగింది.

ఆయన పట్టుదలకు అసలు పరీక్ష 1943 ఆగస్టు 17న ఎదురైంది. రెండు దళాలు దాదాపు ఒకే సమయంలో బయలుదేరి జర్మనీలోని రెగెన్స్‌బర్గ్, ష్వైన్‌ఫుర్ట్ పట్టణాలపై దాడి చేయాలన్నది ప్రణాళిక. ఇంగ్లండ్ అంతటా పొగమంచు కమ్ముకుంది. పరికరాల సాయంతో నేల విడిచే సాధనను లెమే తన సిబ్బందితో అంతకుముందే పదేపదే చేయించారు. అందుకే ఆయన దళం పొగమంచులోనే పైకి లేవగలిగింది. అటువంటి శిక్షణ లేని రెండో దళం గంటల తరబడి వేచి ఉండాల్సి వచ్చింది. ఫలితంగా జర్మన్ యుద్ధవిమానాలకు రెండు దళాలనూ విడివిడిగా ఎదుర్కొనే అవకాశం చిక్కింది. ఆ ఒక్కరోజే అమెరికా 60 బాంబర్లను కోల్పోయింది. అందరికీ అందని శిక్షణ అందుకున్నవారినీ కాపాడలేకపోయింది.

హిజ్లీ చేరేనాటికి ఈ అనుభవమంతా ఆయన వెంట ఉంది. 1942 తుపాను, 1943 కరవు చావుదెబ్బ తీసిన మేదినీపూర్ ప్రాంతంలో, అమెరికన్ ఇంజినీర్లతో పాటు వేలాది స్థానిక కూలీల శ్రమతో బీ-29ల రన్‌వేలు సిద్ధమయ్యాయి. ఖరగ్‌పూర్, కలైకుండా, దుధ్‌కుండి, పియార్డోబా, చాకులియా స్థావరాల నుంచి విమానాలు హిమాలయ శ్రేణులు దాటి, దాదాపు 1,900 కిలోమీటర్ల దూరంలోని చెంగ్డూ చేరి, అక్కడి నుంచి దాడులకు వెళ్లాలి. దాడికి కావలసిన ఇంధనాన్ని కూడా అవే మోయాలి. బెంగాల్ ఎండకు ఇంజిన్లు వేడెక్కి మంటలు అంటుకునేవి.

సెప్టెంబరు 8న అన్షాన్ దాడికి స్వయంగా వెళ్లివచ్చిన లెమే, వెంటనే శిక్షణపై దృష్టి పెట్టారు. నాలుగు విమానాల వరుస స్థానంలో పన్నెండు విమానాల వ్యూహం తెచ్చారు. ముందు నడిచే బృందాలకు ప్రత్యేక తరగతులు పెట్టారు. లక్ష్యాన్ని సమీపించే వేళ కంటితో చూసే బాంబార్డియర్, రాడార్ తెర చూసే సిబ్బంది ఇద్దరూ సిద్ధంగా ఉండాలని, మబ్బు విచ్చిందా లేదా అన్నదాన్ని బట్టి ఎవరు బాంబులు వేయాలో చివరి క్షణంలో తేలాలని నిర్దేశించారు.

1944 డిసెంబరు 18న ఈ దళమే చైనాలోని హాంకౌపై నిప్పు బాంబులు కురిపించింది. 1945 జనవరిలో హిజ్లీ విడిచి వెళ్లిన లెమే, మార్చి 9 రాత్రి టోక్యోపై అదే ఆయుధాన్ని మరింత విస్తృతంగా ప్రయోగించారు. ఒక్క రాత్రిలో సుమారు లక్ష మంది మరణించారని అంచనా. మరణించినవారిలో అత్యధికులు సాధారణ పౌరులు. తన సిబ్బంది ప్రాణాలకు అంతగా విలువనిచ్చిన సేనాని కింద ఉన్నవారి విషయంలో చూపిన కాఠిన్యాన్ని చరిత్రకారులు నేటికీ విచారిస్తూనే ఉన్నారు.

యుద్ధానంతరం 1948 నుంచి 1957 వరకు ఆయన అమెరికా వ్యూహాత్మక వైమానిక కమాండ్‌కు నేతృత్వం వహించారు. సైనికులు తీరిక వేళల్లో తక్కువ ఖర్చుతో విమానం నడపడం నేర్చుకునే ఏరో క్లబ్బులను స్థావరాల్లో నెలకొల్పించారు. 1961 నుంచి 1965 వరకు వైమానిక దళాధిపతిగా పనిచేశారు. 1968లో జార్జ్ వాలెస్ సరసన ఉపాధ్యక్ష పదవికి పోటీచేసి ఓడిపోయారు. 1990 అక్టోబరు 1న కాలిఫోర్నియాలో కన్నుమూశారు. కలైకుండా నేడు భారత వాయుసేన స్థావరం.