యల్లాప్రగడ సుబ్బారావు

సూక్ష్మజీవులనగానే రోగములు జ్ఞప్తికి వచ్చును. కాని వానిలో ఔషధములు చేయు పనివారును కలరు. అట్టివానిని వెదకించి మానవులకు మేలు చేసిన ఆంధ్రుడు యల్లాప్రగడ సుబ్బారావు.

ఆయన 1895వ సంవత్సరము జనవరి 12వ తేదీన భీమవరములో జన్మించెను. మూడవ ప్రయత్నమున గాని మెట్రిక్యులేషను పరీక్షలో గెలువలేదు. ఆయన సోదరులిరువురు కొద్దిదినముల వ్యవధిలో గ్రహణి వ్యాధికి బలియైరి. ఆ దుఃఖమును ఆయన ఎన్నడును మరువలేదు. మద్రాసులో వైద్యవిద్య ముగించి, భార్యను స్వదేశమున విడిచి, అమెరికా చేరెను. అచట ఆసుపత్రిలో రాత్రివేళ చిన్న కొలువు చేయుచు హార్వర్డు విశ్వవిద్యాలయమున చదివెను. కండరములకు శక్తినిచ్చు ఫాస్ఫోక్రియాటిన్‌ను 1927లో ఫిస్కుతో కలసి లోకమునకు వెల్లడించెను.

1940లో సుబ్బారావు లెడర్లీ ఔషధ పరిశోధనాలయమున చేరెను. రక్తవృద్ధికి అవసరమైన ఫోలిక్ ఆమ్లము కాలేయములో అత్యల్పముగా నుండును. ఆయన సహచరులు దానిని ఒక బాక్టీరియా పెరిగిన ద్రవమునుండియు రాబట్టిరి. 1945 నాటికి కృత్రిమముగా తయారుచేసిరి. అది గ్రహణి రోగులకు ప్రాణాధారమయ్యెను. సోదరులకు అందని మందు ఇతరుల సోదరులకు అందెను.

అచటనే వృద్ధ వృక్షశాస్త్రజ్ఞుడు డగ్గర్ దేశమంతటినుండి మట్టిని తెప్పించి పరీక్షించుచుండెను. మిస్సోరీ రాష్ట్రపు మట్టిలో బంగారు వన్నెగల సూక్ష్మజీవి యొకటి కానవచ్చెను. అది చేయు ఔషధమే ఆరియోమైసిన్. 1948లో అది వెలువడెను. ఆ ఏడాది ఆగస్టులోనే, ఏబదిమూడవ యేట, మాతృదేశమును మరల చూడకయే సుబ్బారావు కన్నుమూసెను.

సూక్ష్మజీవి ఔషధమును ఒక్కసారిగా చేయజాలదు. ప్రత్తి దారమై, దారము వస్త్రమై, వస్త్రము అద్దకము నొందునట్లు, ఒక ఎంజైము మార్చిన పదార్థమును మరియొక ఎంజైము మార్చును. ప్రతి ఎంజైమునకును ఒక జన్యువు కలదు. 1984లో ఇంగ్లండులో మాల్పార్టిడా, హాప్‌వుడ్ అను శాస్త్రజ్ఞులు ఒక జాతి సూక్ష్మజీవినుండి ఇట్టి జన్యువుల వరుసనంతటిని మరియొక జాతిలోనికి చేర్చిరి. అంతవరకు ఆ విద్య ఎరుగని జీవి ఆక్టినోరోడిన్ అను క్రిమినాశకమును చేయసాగెను. 1989లో ఆరియోమైసిన్‌కు దగ్గరి చుట్టమైన ఆక్సిటెట్రాసైక్లిన్ విషయమునను ఇట్టి కార్యమే సిద్ధించెను.

సుబ్బారావు తరము సూక్ష్మజీవుల విద్యను మట్టిలో వెదకెను. తరువాతి తరము ఆ విద్యను ఒకదానినుండి మరియొకదానికి నేర్పగలిగెను. ముందు వెదకినవారుండుటచేతనే నేర్పువారికి దారి దొరకెను.