ఫ్రెడరిక్ స్టాన్లీ కిప్పింగ్

ఫ్రెడరిక్ స్టాన్లీ కిప్పింగ్ (ఆగష్టు 16, 1863 - మే 1, 1949) ఇంగ్లండుకు చెందిన రసాయన శాస్త్రవేత్త. సిలికాన్ మూలకపు కర్బన సమ్మేళనాలపై నాలుగు దశాబ్దాలకు పైగా పరిశోధన చేసి, సిలికోన్ అన్న పేరును రసాయన శాస్త్రంలో ప్రవేశపెట్టాడు. నేడు నూనెలు, రబ్బరు, గ్రీజు, పాత మోటారు కార్లలో పోసే సిలికోన్ బ్రేకు ద్రవం మొదలైన అనేక పదార్థాలకు ఈయన పరిశోధనలే పునాది.

బాల్యము, విద్యాభ్యాసము

కిప్పింగ్ మాంచెస్టర్ సమీపంలోని హయ్యర్ బ్రాటన్‌లో జన్మించాడు. తండ్రి బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ ఉద్యోగి. మాంచెస్టర్ గ్రామర్ స్కూలులోను, ఓవెన్స్ కళాశాలలోను చదివి, 1882లో లండన్ విశ్వవిద్యాలయ పట్టా పొందాడు. కొంతకాలం మాంచెస్టర్ గ్యాస్ శాఖలో రసాయనికునిగా పనిచేశాడు. 1886లో జర్మనీ వెళ్ళి, మ్యూనిక్‌లో అడాల్ఫ్ వాన్ బేయర్ ప్రయోగశాలలో విలియం హెన్రీ పెర్కిన్ (జూనియర్) వద్ద పరిశోధన చేసి డాక్టరేట్ సాధించాడు.

ఉద్యోగ జీవితము

స్వదేశానికి తిరిగి వచ్చాక ఎడిన్‌బరోలోని హెరియట్-వాట్ కళాశాలలో పెర్కిన్‌కు సహాయకునిగా చేరాడు. వీరిద్దరూ కలిసి వ్రాసిన కర్బన రసాయన శాస్త్ర పాఠ్యగ్రంథం 1894లో వెలువడి, ఎన్నో సంవత్సరాలు విద్యార్థులకు ప్రామాణిక గ్రంథంగా నిలిచింది. 1890లో లండన్‌కు మారి హెన్రీ ఆర్మ్‌స్ట్రాంగ్ వద్ద పనిచేశాడు. అక్కడ విలియం పోప్‌తో కలిసి కర్పూరపు ఉత్పన్నాలపై పరిశోధించాడు. 1897లో నాటింగ్‌హామ్ యూనివర్సిటీ కాలేజీలో ఆచార్య పదవి చేపట్టి, 1936లో పదవీ విరమణ చేసేవరకు అక్కడే ఉన్నాడు.

సిలికాన్ పరిశోధనలు

ఆవర్తన పట్టికలో సిలికాన్ కర్బనానికి దిగువనే ఉంటుంది. కనుక కర్బన సమ్మేళనాలలో కనిపించే ధ్రువణ భ్రమణత సిలికాన్ సమ్మేళనాలలో కూడా ఉంటుందా అన్నది కిప్పింగ్ ఎదుట నిలిచిన ప్రశ్న. 1904లో గ్రిగ్నార్డ్ కారకాలను ఉపయోగించి, సిలికాన్ టెట్రాక్లోరైడ్‌లోని క్లోరిన్ పరమాణువుల స్థానంలో కర్బన సమూహాలను ఒక్కొక్కటిగా చేర్చే పద్ధతిని రూపొందించాడు. 1907లో ధ్రువణ భ్రమణత గల సిలికాన్ సమ్మేళనాన్ని వేరుచేయగలిగాడు.

కర్బన రసాయన శాస్త్రంలోని కీటోన్లకు పోలికగా ఇతడు 1901లో సిలికోన్ అన్న పేరు వాడాడు. కాని పోలిక పేరుకే పరిమితమైంది. కీటోన్‌లో కర్బనం, ఆక్సిజన్ ద్విబంధంతో కలిసి ఉంటాయి. సిలికాన్ అలా కాక, ఆక్సిజన్‌తో ఒకదాని తరువాత ఒకటిగా కూడి పొడవైన గొలుసులుగా ఏర్పడుతుంది. అందువల్ల కిప్పింగ్ కోరిన స్వచ్ఛమైన స్ఫటికాలకు బదులు తరచు జిగురు వంటి ముద్దలు, నూనెలు పాత్రలో మిగిలేవి. ఇతడు వాటిని శుద్ధికి అడ్డంకిగానే భావించాడు. 1936లో రాయల్ సొసైటీలో చేసిన బేకరియన్ ఉపన్యాసంలో కూడా ఈ శాఖకు పెద్ద భవిష్యత్తు లేదనే అభిప్రాయం వెలిబుచ్చాడు.

ఆ అంచనా త్వరలోనే తారుమారయింది. అమెరికాలో ఫ్రాంక్లిన్ హైడ్, యూజీన్ రోచో మొదలైనవారు ఆ జిగురు పదార్థాలలోనే ఉపయోగాన్ని చూశారు. 1943లో సిలికోన్ల తయారీకి డౌ కార్నింగ్ సంస్థ ఏర్పడింది. రెండవ ప్రపంచ యుద్ధంలో విమాన ఇంజన్ల జ్వలన వ్యవస్థలోకి తేమ చేరకుండా సిలికోన్ పదార్థాన్ని వాడారు. కిప్పింగ్ తన జీవితకాలంలోనే ఈ పరిశ్రమ ఆవిర్భావాన్ని చూడగలిగాడు.

బ్రేకు ద్రవంగా సిలికోన్

కిప్పింగ్ అడ్డంకిగా తలచిన నూనెల గుణాలే తరువాత మోటారు వాహనాలలో ఉపయోగపడ్డాయి. గ్లైకాల్ ఆధారిత బ్రేకు ద్రవం గాలిలోని తేమను పీల్చుకొని, క్రమంగా మరిగే ఉష్ణోగ్రతను కోల్పోతుంది. కారు రంగును కూడా పాడుచేస్తుంది. సిలికోన్ ద్రవానికి ఈ రెండు దోషాలూ లేవు. అందుచేత ఎక్కువ కాలం కదలకుండా ఉండే పాత కార్ల యజమానులలో పలువురు దీనిని ఎంచుకుంటారు. అమెరికా ప్రమాణాల ప్రకారం దీని పేరు డాట్ 5, రంగు ఊదా. తాజా ద్రవం కనీసం 260 డిగ్రీల సెల్సియస్ వరకు, తేమ పరీక్ష తరువాత 180 డిగ్రీల వరకు మరగకూడదు. డాట్ 5.1 అన్నది పేరులో దగ్గరగా ఉన్నా సాధారణంగా గ్లైకాల్ ద్రవమే.

సిలికోన్, గ్లైకాల్ ఒకదానితో ఒకటి కలవవు. కనుక మార్చేటప్పుడు పాత ద్రవాన్ని పూర్తిగా తొలగించి, గొట్టాలను శుభ్రపరచి, రబ్బరు సీళ్ళను మార్చడం మంచిది. సిలికోన్‌లో నీరు కరగదు. లోనికి చేరితే అడుగున నిలిచి అక్కడి లోహాన్ని తుప్పు పట్టిస్తుంది. అందువల్ల తేమను పీల్చని ద్రవమైనా దానిని మూత బిగించిన అసలు డబ్బాలోనే, గ్లైకాల్ డబ్బాలకు దూరంగా నిల్వ చేయాలి. గాలి బుడగలు చేరి బ్రేకు పెడలు మెత్తబడే అవకాశం ఉంది గనుక డబ్బాను కుదపరాదు, నెమ్మదిగా పోయాలి. ఏబీఎస్ అమరిక గల వాహనాలకు ఇది సాధారణంగా తగదు.

కుటుంబము, గౌరవాలు

కిప్పింగ్ 1888లో లిల్లీ హాలండ్‌ను వివాహమాడాడు. ఆమె సోదరీమణులలో ఒకరిని పెర్కిన్, మరొకరిని ఆర్థర్ లాప్‌వర్త్ వివాహం చేసుకున్నారు. అలా ముగ్గురు రసాయన శాస్త్రవేత్తలు తోడల్లుళ్ళయ్యారు. కుమారులలో బారీ కిప్పింగ్ రసాయన శాస్త్రవేత్త కాగా, సిరిల్ కిప్పింగ్ చదరంగ సమస్యల రూపకర్తగా ప్రసిద్ధి పొందాడు.

1897లో రాయల్ సొసైటీ సభ్యునిగా ఎన్నికయ్యాడు. 1918లో డేవీ పతకం లభించింది. ఈయన చివరి రోజులు వేల్స్‌లోని క్రిక్‌యెత్‌లో గడిచాయి. 1949లో అక్కడే మరణించాడు. సిలికాన్ రసాయన శాస్త్రంలో కృషికి అమెరికన్ కెమికల్ సొసైటీ నెలకొల్పిన పురస్కారానికి ఈయన పేరు పెట్టారు. 1962లో దానిని మొదటిసారి హెన్రీ గిల్మన్ అందుకున్నాడు.