చుక్కరెక్కల దోమ - రోనాల్డ్ రాస్

బీచుపల్లి వద్ద కృష్ణలో నీరు తగ్గినపుడు రాళ్ళ సందులలో ఎండ్రకాయలు కానవచ్చును. నీట రొయ్యలు, ఒడ్డున రాతిక్రింద తేలు, ప్రొద్దు క్రుంకగనే చెవిచుట్టు దోమ. ఈ నాలుగును సంధిపాదులే. కీళ్ళు గల కాళ్ళు, ఖండములుగా ఏర్పడిన దేహము, ఎముకలకు బదులు వెలుపల గట్టి కవచము వీని లక్షణములు. డెక్కలను చూచి ఎండ్రకాయకు తేలే దగ్గరి చుట్టమని తలతుము. కాని తేలు సాలీడు వంశమునకు చెందినది. ఎండ్రకాయకును, రొయ్యకును దగ్గరి బంధువు దోమయే; కీటకము లన్నియు ఆ శాఖనుండియే పుట్టినవని నేటి జన్యుశాస్త్రము తేల్చినది. రూపసామ్య మిట్లు మోసగించును. దోమ లన్నియు ఒక్కటే యను అట్టి మోసమునకే లోబడి, ఇచ్చటికి ఉత్తరమున సికింద్రాబాదులో ఒక వైద్యుడు చాలకాలము వృథాశ్రమ పడెను. అతడే రోనాల్డ్ రాస్.

రాస్ 1857 మే 13న అల్మోరాలో జన్మించెను. తండ్రి సైన్యాధికారి. కుమారునకు కవిత్వ సంగీతములపై మక్కువ. వైద్యవిద్య తండ్రి కోరికపై అభ్యసించినదే. 1881లో ఇండియన్ మెడికల్ సర్వీసున చేరెను. 1880లో లావెరాన్ కనుగొనిన మలేరియా పరాన్నజీవిని 1894లో లండనున పాట్రిక్ మాన్సన్ అతనికి సూక్ష్మదర్శినిలో చూపి, దానిని దోమ మోయుచుండవచ్చునను తన ఊహను తెలిపెను.

మరుసటి యేడు సికింద్రాబాదు చేరిన రాస్ దోమలను కోయ నారంభించెను. అతనికి కీటకశాస్త్రము రాదు. బూడిదరంగువి, చారలవి అని తానే పేర్లు పెట్టుకొనెను. అవి క్యూలెక్స్, ఈడిస్ జాతులు. మనుష్యుల మలేరియా వానిలో పెరుగదు. దోమలలో 3,500కు పైగా జాతులు గలవనియు, వానిలో అనాఫిలిస్ ప్రజాతి ఒక్కటియే మనకు ఈ జ్వరము తెచ్చుననియు నేడు పాఠశాల విద్యార్థికిని తెలియును. నడుమ బెంగుళూరులో కలరా విధులు, ఊటీలో తనకే పట్టిన మలేరియా అతని కాలమును హరించెను.

1897 ఆగస్టులో బేగంపేటలో లార్వాలనుండి వేరొక దోమ వెలువడెను. దాని రెక్కలపై చుక్కలు. గోడపై వ్రాలినపుడు తోక పైకెత్తి నిలుచును. దాని లార్వా క్యూలెక్స్ లార్వా వలె తలక్రిందుగా వ్రేలాడక నీటిపై సమతలముగా పరుండును. శ్వాసనాళము లేమియే దానికి కారణము. ఇంత చిన్న భేదములలోనే రహస్య మంతయు దాగియుండెను.

ఆగస్టు 16న హుసేన్ ఖాన్ అను రోగిని అట్టి దోమలచే కుట్టించిరి. దోమ కొక అణా చొప్పున అతనికి ముట్టెను. 20వ తేదీన, మిగిలిన కొలది దోమలలో ఒకదానిని రాస్ కోసెను. గాలికి దోమ ఎగిరిపోవునని పంకా ఆపించెను. చెమటకు సూక్ష్మదర్శిని మరలు తుప్పు పట్టియుండెను. శిరస్సు, వక్షము వెదకినను ఏమియు లేదు. కడకు జీర్ణకోశపు గోడలో, సుమారు 12 మైక్రానుల వ్యాసముతో, నల్లని రేణువులు గల గుండ్రని కణము కానవచ్చెను. దోమ దేహములో ఎన్నడును ఉండనట్టి ఆ రేణువులు మలేరియా జీవివే.

వెంటనే బదిలీ వచ్చినది! మలేరియా అరుదుగా నుండు ఖేర్వారాకు పంపిరి. 1898లో కలకత్తాలో పిచ్చుకల మలేరియాపై పనిచేసి, ఆ జీవి దోమ వక్షములోని లాలాజల గ్రంథులకు చేరుననియు, కుట్టునపుడు అచ్చటనుండియే క్రొత్త దేహమున ప్రవేశించుననియు నిరూపించెను. ఆ ఏడే ఇటలీలో జంతుశాస్త్రజ్ఞుడు గ్రాస్సీ మనుష్యుల మలేరియాకు వాహకము అనాఫిలిస్ అని నిర్ధారించెను. రాస్ అది ఎన్నడును సహింపలేదు. దోమ పేరు తెలియక చుక్కరెక్కలనుబట్టి చెప్పిన వానికి, పేరు పెట్టి చెప్పిన వానిపై అంత కినుక తగదనిపించును. అయినను త్రోవ చూపినవాడు రాసే.

1902లో నోబెల్ బహుమతి అతని నొక్కనినే వరించెను. హుసేన్ ఖానునకు దక్కినవి అణాలే. రాస్ 1932 సెప్టెంబరు 16న లండనులో మరణించెను. అతడు దోమను కోసిన భవనము బేగంపేటలో అతని పేరనే యున్నది.