చూపును కొలిచిన ఫెక్నర్

బియ్యాన్ని కాటాలో తూస్తాం, గుడ్డను మీటరుతో కొలుస్తాం. మరి కంటికి వెలుగు ఎంత కనిపించిందో దేంతో కొలవాలి? మనసులో కలిగేదాన్ని లెక్కలకెక్కించడం కుదరదని పెద్ద పెద్ద తత్వవేత్తలే తేల్చేసిన రోజుల్లో, ఆ పనికి దారి చూపించినవాడు గుస్తావ్ థియోడర్ ఫెక్నర్. సైకాలజీ తీసుకున్న వాళ్ళకు ఈ పేరు మొదటి పాఠాల్లోనే వస్తుంది. సూత్రం బట్టీ పట్టి పరీక్ష రాసేస్తాం. ఆ సూత్రం వెనకున్న మనిషి గురించి మాత్రం పెద్దగా చదవం. అందుకే ఈ నాలుగు మాటలు.

ఫెక్నర్ 1801 ఏప్రిల్ 19న ఒక జర్మన్ పల్లెటూరులో పుట్టారు. ఆ ఊరు ఇప్పుడు పోలండ్‌లో ఉంది. తండ్రి చర్చి పాస్టరు. కొడుక్కి ఐదేళ్ళున్నప్పుడే ఆయన చనిపోయారు. తర్వాత ఫెక్నర్ మేనమామ దగ్గర పెరిగారు. పదహారేళ్ళకు లైప్‌జిగ్ విశ్వవిద్యాలయంలో వైద్యవిద్యలో చేరారు. చదువు పూర్తిచేశారు గానీ ఒక్క రోజు కూడా వైద్యం చేయలేదు. మనసంతా భౌతికశాస్త్రం మీదే! జేబులో డబ్బుల్లేవు. పొట్ట గడవడానికి ఫ్రెంచి భౌతిక, రసాయన శాస్త్ర గ్రంథాలను వేల పేజీలు జర్మన్‌లోకి అనువదించారు. రాత్రీ పగలూ అదే పని. చివరికి 1834లో అదే విశ్వవిద్యాలయంలో భౌతికశాస్త్ర ప్రొఫెసరయ్యారు.

స్థిరపడ్డారు అనుకునేలోగా పెద్ద దెబ్బ తగిలింది. రంగులు కంటికి ఎలా కనిపిస్తాయో తెలుసుకోవాలని రంగుటద్దాల్లోంచి సూర్యుణ్ణి చూస్తూ ప్రయోగాలు చేశారు. (మీరెవ్వరూ ఆ పని చేయకండి!) అసలే పని ఒత్తిడితో నలిగిపోయిన మనిషి. 1839 చివర్లో కళ్ళు వెలుగును భరించలేని స్థితికి వచ్చాయి. ఉద్యోగం వదులుకున్నారు. కళ్ళకు గంతలు కట్టుకుని దాదాపు మూడేళ్ళు చీకటి గదిలోనే గడిపారు. తిండి కూడా సహించేది కాదు. ఇక బతకడనుకున్నారు. అలాంటిది 1843 అక్టోబరులో మెల్లగా చూపు నిలబడింది. గంతలు విప్పి తోటలోకి వెళితే, పువ్వులు వాటంతటవే వెలుగుతున్నట్టు తోచాయట. మొక్కలకూ ఆత్మ ఉంటుందని 1848లో ఏకంగా ఒక పుస్తకమే రాశారు. అది నేను ఒప్పుకోలేను. కానీ శరీరానికీ మనసుకూ సంబంధమేమిటన్న ఆ తపనే ఆయన్ని కొలతల వైపు నడిపించింది.

1850 అక్టోబరు 22 ఉదయం, ఇంకా మంచం మీద ఉండగానే ఆయనకు ఆలోచన తట్టింది. అనుభూతిని నేరుగా కొలవలేకపోతే పోనీ. రెండు వెలుగుల మధ్య తేడా ఎప్పుడు తెలుస్తుందో, ఎప్పుడు తెలియదో మనిషి చెప్పగలడు కదా! ఆ తెలిసీ తెలియని తేడానే కొలబద్దగా పెట్టుకుంటే సరి.

దీనికి ఖరీదైన పరికరాలేమీ అక్కర్లేదు. ఆయన బావమరిది ఫోల్క్‌మన్ చేసిన ప్రయోగం చూడండి. ఒక తెర, దాని ముందు ఒక కడ్డీ, రెండు దీపాలు. తెర మీద కడ్డీకి రెండు నీడలు పడతాయి. ఒక దీపాన్ని కదపకుండా, రెండోదాన్ని వెనక్కి జరుపుతూ పోతే దాని నీడ పలచబడి, ఒక చోట కనిపించకుండా పోతుంది. రెండోది సుమారు పదిరెట్ల దూరంలో ఉన్నప్పుడు ఇలా జరిగింది. దూరం పదిరెట్లయితే వెలుగు నూరో వంతు అవుతుందని మనం ఇంటర్‌లో చదివిందే. అంటే వెలుగులో నూటికి ఒక వంతు తేడా ఉంటేనే కన్ను పసిగడుతుంది. దీపాల వెలుగు పెంచినా, తగ్గించినా దాదాపు అదే వంతు వచ్చింది. హాస్టల్‌లో కరెంటు పోయినప్పుడు రెండు కొవ్వొత్తులతో మీరూ చేసి చూడొచ్చు.

బరువుల విషయంలో ఇలాంటి నియమాన్ని లైప్‌జిగ్‌లోనే వేబర్ అనే ప్రొఫెసరు అంతకుముందే గమనించారు. ఫెక్నర్ దాన్ని సూత్రంగా మలిచారు. వెలుగు రెట్లలో పెరిగితే, అనుభూతి మెట్లలో పెరుగుతుంది. లాగరిథమ్ అంటే ఇదే. నక్షత్రాల తరగతులే ఇందుకు సాక్ష్యం. పూర్వం కంటితో చూసి విడదీసిన తరగతుల్లో ఒక్కో మెట్టుకూ వెలుగు సుమారు రెండున్నర రెట్లు మారుతుంది.

ఊరికే చెప్పి ఊరుకోలేదు. బరువులెత్తి పోల్చే ఒక్క ప్రయోగంలోనే 24,576 సార్లు తానే ఎత్తి, ఏది ఎక్కువ బరువో రాసుకున్నారు. 1860లో ‘మనోభౌతికశాస్త్ర మూలసూత్రాలు’ అనే అర్థం వచ్చే పేరుతో రెండు సంపుటాలు వెలువరించారు. ఆ బాటలోనే 1879లో ఊంట్ అదే లైప్‌జిగ్‌లో మనోవిజ్ఞాన ప్రయోగశాల పెట్టారు.

సూత్రం మీద వాదాలు లేకపోలేదు. మరీ మసక వెలుగులో, మరీ తీక్షణమైన వెలుగులో అది సరిపోదు. 1957లో అమెరికాకు చెందిన స్టీవెన్స్ వేరే సూత్రం ప్రతిపాదించారు. దాని ప్రకారం కాంతి రెట్టింపుగా తోచాలంటే వెలుగు ఎనిమిది రెట్లు పెరగాలి. కానీ ఆ వాదం చేయడానికి కావలసిన కొలిచే పద్ధతులు మాత్రం ఫెక్నర్ పెట్టిన పునాది మీదే పెరిగాయి.

ఫెక్నర్ 1887 నవంబరు 18న లైప్‌జిగ్‌లోనే కన్నుమూశారు. ఈ రంగంలోని పరిశోధకులు ఆయన పేరిట జరుపుకునే రోజు మాత్రం పుట్టినరోజూ కాదు, వర్ధంతీ కాదు. మంచం దిగకముందే ఆలోచన తట్టిన ఆ అక్టోబరు 22.